హైస్కూలు పిల్లలకు జామెట్రీ ఎక్కడ తేడా కొడుతోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. పేరెంట్స్ మీటింగులో, బస్టాండులో, ఒక్కోసారి పెళ్లి భోజనాల బంతిలో కూడా జనం నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. కొన్ని తల్లిదండ్రులవి, కొన్ని పిల్లలవి, రెండు మూడు కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లవి. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకొచ్చే ఓపిక తగ్గి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మావాడికి ఆల్జీబ్రా బాగానే వస్తుందండీ. జామెట్రీ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తున్నాడు. ఎందుకంటారు?

ఆల్జీబ్రాలో మొదటి వరుస రాస్తే రెండో వరుస ఏం రాయాలో చాలావరకు అదే చెబుతుంది. ఎక్స్‌లు ఒకవైపుకి, అంకెలు ఒకవైపుకి. తెలిసిన దారిన బండి పోతూనే ఉంటుంది. జామెట్రీలో అలా కుదరదు. పటం ముందు పెట్టుకుని ఇందులో ఏ త్రిభుజాన్ని చూడాలి, ఏ గీత కొత్తగా గీయాలి అన్నది వాడే తేల్చుకోవాలి. మొదటి వరుస దగ్గరే ఆగిపోతాడు. అది తెలివికి సంబంధించిన లోపం కాదు. పటాన్ని చూడటం వాడికి ఎవరూ నేర్పలేదు, అంతే.

పోనీ వదిలేద్దామా అంటే కుదరదు. సీబీఎస్‌ఈ పదో తరగతి పేపర్లో 80 మార్కులకు జామెట్రీ 15, నిరూపక జ్యామితి 6, త్రికోణమితి 12, క్షేత్రమితి 10. కలిపితే 43. సగానికి పైగా మార్కులు ఏదో ఒక బొమ్మతో ముడిపడి ఉన్నవే.

పిల్లలు జామెట్రీని మెట్లు మెట్లుగా నేర్చుకుంటారని శిక్షణలో చెప్పారు. ఏమిటా మెట్లు?

నెదర్లాండ్స్‌లో డీనా వాన్ హీలే-గెల్డాఫ్, పియరె వాన్ హీలే అని భార్యాభర్తలు. ఇద్దరూ లెక్కల టీచర్లే. ఎంత చెప్పినా పిల్లలకు ఎందుకు ఎక్కడం లేదన్న బాధ మనకున్నట్టే వాళ్లకూ ఉండేది. దాని మీదే పరిశోధన చేసి 1957లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెరొక గ్రంథం సమర్పించారు. డీనా ఆ తర్వాత కొద్దికాలానికే చనిపోయారు. ఆ ఆలోచనను ముందుకు తీసుకెళ్లింది పియరె. 1960ల్లో సోవియట్ యూనియన్ తన జామెట్రీ పాఠాలను దీని ఆధారంగా మార్చుకుంది. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయం నుంచి జాల్మన్ యుసిస్కిన్ 1982లో నివేదిక వెలువరించాక అక్కడా గట్టి చర్చ నడిచింది.

వాళ్లు చెప్పింది ఇదీ. మొదటి మెట్టు మీద పిల్ల ఆకారాన్ని మొత్తంగా చూసి పేరు చెబుతుంది. తలుపులా ఉంది కాబట్టి దీర్ఘచతురస్రం. రెండో మెట్టుకి వచ్చేసరికి లక్షణాలు కనిపిస్తాయి: ఎదుటి భుజాలు సమానం, నాలుగూ లంబకోణాలే, కర్ణాలు సమానం. అయితే అవి విడివిడి ముక్కలుగానే ఉంటాయి, సంతలో సరుకుల జాబితాలా. మూడో మెట్టు మీద ఆ ముక్కల మధ్య దారం పడుతుంది. సమాంతర చతుర్భుజంలో ఒక్క కోణం 90 అయితే చాలు, మిగిలిన మూడూ వాటంతటవే 90 అవుతాయని అర్థమవుతుంది. నాలుగో మెట్టు మీద స్వీకృతాల (నిరూపణ అడగకుండా ఒప్పుకునే మాటల) నుంచి మొదలుపెట్టి వరుసగా నిరూపించగలరు. ఐదోది మనం బడిలో చదివే జామెట్రీని రాసిపెట్టిన ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్‌కు బయట కూడా జ్యామితులుంటాయని పోల్చి చూసే దశ. అది కాలేజీ పిల్లల సంగతి, మనకు అక్కర్లేదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఈ మెట్లు దూకడం కుదరదు. వయసుతో పాటు వాటంతటవే ఎక్కేవీ కావు. తొమ్మిదో తరగతి పుస్తకం నాలుగో మెట్టు మీద నిలబడి మాట్లాడుతుంది, ముందు బెంచీలో పిల్ల మొదటి మెట్టు మీదో రెండో మెట్టు మీదో ఉంటుంది. టీచరు "కాబట్టి" అన్నప్పుడల్లా ఆ పిల్లకు వినపడేది "తర్వాత ఇది రాసుకో" అని మాత్రమే. నా సర్వీసులో నేను చూసిన జామెట్రీ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇదే.

మా అమ్మాయి ఏ మెట్టు మీద ఉందో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

పదినిమిషాల పని. అట్టముక్కను చతురస్రంగా కత్తిరించి టేబుల్ మీద నిటారుగా పెట్టండి. పేరడగండి. ఇప్పుడు దాన్నే 45 డిగ్రీలు తిప్పి మళ్లీ అడగండి. "డైమండ్" అంటే మొదటి మెట్టు. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా అంటారు, కంగారు పడకండి.

"తిప్పినా చతురస్రమే, భుజాలు మారలేదు కదా" అంటే రెండో మెట్టు. అప్పుడు ఇంకొకటి అడగండి: "ఇది చతురస్రమని నాకు ఫోన్లో చెప్పాలి, ఎన్ని తక్కువ మాటల్లో చెబుతావు?" తెలిసినవన్నీ ఏకరువు పెడితే ఇంకా రెండో మెట్టే. "నాలుగు భుజాలు సమానం, ఒక కోణం 90, చాలు" అని ఆగిందంటే మూడోది. ఆ "చాలు" అన్న మాట కోసమే నేను క్లాసులో చెవి ఒగ్గి కూర్చుంటాను.

చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనని పుస్తకంలో ఉంది. ఇదెలా కుదురుతుంది సార్? దీర్ఘం అంటే పొడుగు కదా?

ఈ ప్రశ్న అడిగిన పిల్లాడికి నేను దండం పెడతాను. తప్పు వాడిది కాదు, మాటది.

ఇంగ్లిష్ మాట రెక్టాంగిల్‌లో ఉన్నది లంబకోణం. పొడుగు, పొట్టి ప్రసక్తే లేదు. మన మాటలో "దీర్ఘ" అని ముందే ఉంది. యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథం బౌధాయన శుల్బసూత్రాల్లోనూ ఇదే మాట. అక్కడ చతురస్రం కర్ణం గురించి ఒక సూత్రం, దీర్ఘచతురస్రం కర్ణం గురించి ఇంకొక సూత్రం విడివిడిగా చెప్పారు. రెండోదే మనం పైథాగరస్ పేరుతో చదువుకునే సిద్ధాంతం. యజ్ఞవేదికలు కట్టేవారికి అవి రెండూ వేర్వేరు ఆకారాలు కావడంలో వింతేమీ లేదు. యూక్లిడ్ కూడా తన నిర్వచనాల్లో వాటిని వేరుగానే పెట్టాడు.

ఇవాళ్టి పుస్తకాలు మాత్రం నిర్వచనాన్ని "నాలుగూ లంబకోణాలైన చతుర్భుజం" అని పెట్టుకున్నాయి. ఆ షరతు చతురస్రానికీ సరిపోతుంది కాబట్టి అదీ ఇందులోకే వస్తుంది. ఇలా పెట్టుకుంటే లాభం ఏమిటంటే, దీర్ఘచతురస్రం గురించి ఒకసారి నిరూపించింది చతురస్రానికి మళ్లీ నిరూపించక్కర్లేదు. క్లాసులో నేను చెప్పే పోలిక: మామిడిపండ్లలో బంగినపల్లి ఒక రకం. బంగినపల్లి తెమ్మంటే రసాలు తేకూడదు, మామిడిపండు తెమ్మంటే బంగినపల్లి తెచ్చినా చెల్లుతుంది.

తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంకి మారాక జామెట్రీ ఇంకా కష్టమైంది. భాష వల్లేనా?

కొంతవరకు అవును. రెండు భాషలూ చెరో రకంగా ఇబ్బంది పెడతాయి, చెరో రకంగా సాయం చేస్తాయి.

తెలుగు మాటల్లో చాలావాటికి అర్థం పైకే కనిపిస్తుంది. సమద్విబాహు త్రిభుజం అంటే చాలు, రెండు బాహువులు సమానమని తెలిసిపోతుంది. ఐసోసెలిస్ అంటే పిల్లకు ఏమీ తెలియదు, స్పెల్లింగ్ కూడా రాదు. రాంబస్ కన్నా సమచతుర్భుజం వెయ్యి రెట్లు నయం. చాపం అంటే విల్లు, జ్యా అంటే వింటినారి. వృత్తంలో ఒక జ్యా, దాని మీది చాపం గీసి చూపిస్తే రాముడి విల్లు కనబడుతుంది, ఇక మరిచిపోరు.

మరి ఎక్కడ దెబ్బ కొడతాయి? "భూమి", "ఎత్తు" దగ్గర. త్రిభుజ వైశాల్యం సగం భూమి ఇంటూ ఎత్తు అని చిన్నప్పటి నుంచి వల్లిస్తారు. భూమి అంటే కింద ఉండేది, ఎత్తు అంటే తాటిచెట్టులా నిలువుగా ఉండేది. ఒకసారి బోర్డు మీద త్రిభుజాన్ని ఒరిగించి గీసి, వాలుగా ఉన్న భుజాన్ని చూపించి, "దీన్ని భూమి అనుకో, ఎదుటి శీర్షం నుంచి ఎత్తు గీయి" అన్నాను. క్లాసులో మంచి మార్కులు తెచ్చుకునే అమ్మాయే. సుద్దముక్క తీసుకుని శీర్షం నుంచి తాపీమేస్త్రి గుండు వేలాడదీసినట్టు నిట్టనిలువుగా నేల వైపు గీసింది. ఆ గీత నేను చూపించిన భుజానికి ఏటవాలుగా తగిలింది. "లంబంగా ఉందా?" అంటే, "నిలువుగానే ఉంది కదా సార్" అంది. ఆ పిల్ల లెక్కలో లంబం అంటే నేలకు లంబం. ఆ రోజు నుంచి బోర్డు మీద త్రిభుజం గీస్తే కనీసం మూడు దిక్కులకు తిప్పి గీస్తాను. అధికకోణ త్రిభుజమైతే (ఒక కోణం 90 దాటితే) ఉన్నతి, అంటే ఆ ఎత్తు గీత, బయట పడుతుందని, భుజాన్ని చుక్కల గీతతో పొడిగించాలని వేరేగా ఒక పీరియడ్ చెబుతాను.

ఇంకొకటి "కర్ణం". లంబకోణ త్రిభుజంలో పెద్ద భుజమూ కర్ణమే, చతుర్భుజంలో ఎదురెదురు మూలలు కలిపే గీతా కర్ణమే. ఇంగ్లిష్‌లో వాటికి రెండు మాటలున్నాయి. అందుకే ఒక్కోసారి సమాంతర చతుర్భుజంలో కర్ణం కనిపించగానే పైథాగరస్ వేసేస్తారు, అక్కడ లంబకోణం లేకపోయినా.

రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. వాటిని వాడుకోండి. ఇంగ్లిష్ మీడియం పిల్లయినా కొత్త పదం తగిలితే ఎదుటి పేజీ చూడమనండి.

కోణమానినితో కొలిస్తే త్రిభుజంలో కోణాల మొత్తం 180 వచ్చింది. ఇంకా నిరూపించడం ఎందుకు?

ముందు ఒక నిజం ఒప్పుకుందాం, వచ్చింది 180 కాదు. ఒకసారి ముప్పై ఎనిమిది మందికి తలొక త్రిభుజం గీసి కొలవమన్నాను. ముప్పై ఎనిమిది నోటుపుస్తకాల్లోనూ సరిగ్గా 180! కంపాస్ బాక్సులో దొరికే ఆ ప్లాస్టిక్ కోణమానినితో అది జరిగే పని కాదు. 178, 181, 179 రావాలి. మూడో కోణం కొలవకుండా 180లోంచి తీసేసి రాశారన్నమాట. జవాబు ముందే తెలిస్తే కొలత ఎవరు కొలుస్తారు?

సరే, కొలతలు ఖచ్చితంగా వచ్చాయనే అనుకుందాం. వంద త్రిభుజాలు కొలిచాం. నూటొకటోది?

దీనికి నేను ఒక ఆట ఆడిస్తాను. వృత్తం మీద రెండు చుక్కలు పెట్టి కలిపితే లోపల 2 ముక్కలు అవుతాయి. మూడు చుక్కలు పెట్టి అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపితే 4 ముక్కలు. నాలుగు చుక్కలకు 8. ఐదుకి 16. ఆరుకి ఎంత? క్లాసంతా ఒకే గొంతుతో "32" అంటారు. గీసి లెక్కపెట్టమంటాను, మూడు గీతలు ఒకేచోట కలవకుండా జాగ్రత్తపడమని చెబుతాను. 31 వస్తుంది. మళ్లీ లెక్కపెడతారు. పక్కవాడి పుస్తకం లాక్కుని లెక్కపెడతారు. 31. ఐదుసార్లు నిజమైనది ఆరోసారి అబద్ధమవ్వగలదని వాళ్ల వేళ్లతో వాళ్లే తెలుసుకుంటారు.

ఆ వేడి మీదే త్రిభుజం నిరూపణ చెప్పాలి. శీర్షం ఏ గుండా బీసీకి సమాంతరంగా ఒక గీత గీయండి. ఏకాంతర కోణాలు సమానం కాబట్టి బీ దగ్గరి కోణం వచ్చి ఏ కి ఒక పక్కన, సీ దగ్గరి కోణం ఇంకో పక్కన కూర్చుంటాయి. మధ్యలో ఏ కోణం ఎలాగూ ఉంది. మూడూ కలిసి ఒక సరళకోణం. ఇందులో మనం గీసిన త్రిభుజం పొడుగా, పొట్టిదా, ఎర్ర ఇంకుదా అన్నది ఎక్కడా వాడలేదు. వాడలేదు కాబట్టే అన్నిటికీ చెల్లింది. ఈ ఒక్క వాక్యం అర్థమైతే తొమ్మిదో తరగతి జామెట్రీ సగం అయినట్టే.

సిద్ధాంతాలు బట్టీ పట్టిస్తే మార్కులు వస్తాయి కదా? మా ట్యూషన్ మాస్టారు అదే చేస్తున్నారు.

వస్తాయి, ప్రశ్న అలాగే వస్తే. ప్రాథమిక అనుపాత సిద్ధాంతం (త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన గీత మిగతా రెండు భుజాలను ఒకే నిష్పత్తిలో కోస్తుందనేది) చాలామందికి నోటికి వచ్చు. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి, అన్నీ వరుసగా అప్పజెబుతారు. యూనిట్ టెస్టులో పటం అక్షరాలు మాత్రం మార్చి పీక్యూఆర్ అని ఇచ్చాను. సగం మంది పీక్యూఆర్ పటం గీసి, కింద ఏబీసీకి నిరూపణ రాశారు. పటానికీ రాతకీ సంబంధమే లేదు.

ఆ నిరూపణలో రెండు లంబాలు ఎందుకు గీస్తామని అడిగితే "పుస్తకంలో అలా ఉంది" అంటారు. ఒకే ఎత్తు ఉన్న రెండు త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి వాటి భూముల నిష్పత్తికి సమానం, మన గొడవంతా భుజాల నిష్పత్తి గురించి, అందుకే వైశాల్యంలోకి వెళ్లి మళ్లీ భుజాల్లోకి వస్తున్నాం. ఈ ఒక్క ముక్క తెలిస్తే మిగతాది బట్టీ పట్టక్కర్లేదు, ఎవరికి వాళ్లే రాసుకోగలరు. ట్యూషన్ మాస్టారిని నేను తప్పుపట్టను, ఆయన మీద మీరు పెట్టిన ఒత్తిడి అలాంటిది.

రెండు త్రిభుజాలు సర్వసమానం (అచ్చంగా ఒకటే) అనడానికి భు.కో.భు (భుజం-కోణం-భుజం) ఒప్పుకుంటారు, భు.భు.కో (భుజం-భుజం-కోణం) ఎందుకు ఒప్పుకోరు? అక్షరాలు అవే కదా!

వృత్తలేఖిని తీసుకోండి, రెండు నిమిషాల్లో తేల్చుకుందాం. ఏబీ 8 సెం.మీ. గీయండి. ఏ దగ్గర 30 డిగ్రీల కోణంతో ఒక కిరణం పొడుగ్గా గీయండి. ఇప్పుడు బీ మీద ముల్లు గుచ్చి, 5 సెం.మీ. వ్యాసార్థంతో చాపం తిప్పండి. అది ఆ కిరణాన్ని రెండు చోట్ల కోస్తుంది, ఒకటి ఏ నుంచి దాదాపు 3.9 సెం.మీ. దూరంలో, రెండోది 9.9 దగ్గర. రెండు చోట్లా సీ పెట్టుకోవచ్చు. రెండు త్రిభుజాల్లోనూ ఒక భుజం 8, ఒక భుజం 5, ఒక కోణం 30. ఒకటి బక్కచిక్కింది, ఒకటి సాగదీసింది. అవి సర్వసమానం ఎలా అవుతాయి?

ఆ 5 బదులు 4 పెట్టి చూడండి. చాపం కిరణాన్ని ఒక్కచోటే ముట్టుకుంటుంది, లంబకోణం వస్తుంది. లం.క.భు (లంబకోణం-కర్ణం-భుజం) ఎందుకు పనిచేస్తుందో అక్కడే దొరుకుతుంది.

సరూప త్రిభుజాల్లో (ఒకే ఆకారం, వేరే సైజు ఉన్నవాటిలో) ఏ భుజానికి ఏ భుజం సరిపోలుతుందో తెలియడం లేదు.

పటాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండటమే దీనికి కారణం. విడదీసి గీసుకోవాలి, ఇంకో మార్గం లేదు.

బీ దగ్గర లంబకోణం ఉన్న త్రిభుజం ఏబీసీ తీసుకోండి. ఏబీ 6, బీసీ 8, ఏసీ 10. బీ నుంచి ఏసీకి లంబం బీడీ. పటంలో ఇప్పుడు మూడు త్రిభుజాలున్నాయి, పిల్లలకు చాలావరకు ఒకటే కనబడుతుంది. మూడు రంగుల పెన్సిళ్లు ఇచ్చి మూడిటినీ పక్కపక్కన, లంబకోణం ఎడమ మూలకు వచ్చేలా తిప్పి గీయమనండి. తర్వాత పేరు రాసేటప్పుడు వరుస తప్పకూడదు: ఏబీసీ, ఏడీబీ, బీడీసీ. మూడిట్లోనూ మధ్య అక్షరం దగ్గర లంబకోణం. ఈ వరుస కుదిరితే నిష్పత్తులు కళ్లు మూసుకుని రాయొచ్చు. బీడీ 4.8, ఏడీ 3.6, డీసీ 6.4 వస్తాయి, సరిచూసుకోండి. త్రిభుజాల పేర్లలో అక్షరాల వరుస మొక్కుబడి కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క నాకు దొరకలేదు.

మేస్త్రీలు మూడు-నాలుగు-ఐదు అంటారు, అదీ పైథాగరస్ సిద్ధాంతమేనా?

సరిగ్గా చెప్పాలంటే దాని విపర్యయం, అంటే సిద్ధాంతాన్ని తిరగేసి చెప్పే మాట. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రి ఒక తాడు వెంట 3 అడుగులు, రెండో తాడు వెంట 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి 5 వచ్చేదాకా తాడు జరుపుతాడు. వచ్చిందంటే మూలమట్టం కుదిరింది. లంబకోణం ఉంది కాబట్టి 5 వచ్చిందని కాదు, 5 వచ్చింది కాబట్టి లంబకోణం ఉందని ఆయన వాదన. యూక్లిడ్ మొదటి పుస్తకంలో 47వ ప్రతిపాదన సిద్ధాంతం, 48వది విపర్యయం. మేస్త్రి వాడేది 48వది.

సిద్ధాంతం నిజమైతే విపర్యయం కూడా నిజమే అనుకోవడం పిల్లలు చేసే పెద్ద పొరపాటు. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానం. మరి కర్ణాలు సమానమైతే దీర్ఘచతురస్రమేనా? కాదు, సమద్విబాహు ట్రెపీజియంలోనూ సమానమే. అందుకే వడ్రంగి తలుపు చట్రానికి ఎదుటి చెక్కలు సమానంగా కోసుకున్నాకే మూలనుంచి మూలకు కొలుస్తాడు.

చుట్టుకొలత, వైశాల్యం ఎన్నిసార్లు చెప్పినా కలిపేస్తున్నారు.

సూత్రాలు పక్కన పెట్టి స్థలం గురించి మాట్లాడండి. చుట్టూ 400 అడుగుల కంచె పట్టే స్థలం మూడు రకాలుగా గీయించండి. 100 ఇంటూ 100 అయితే 10,000 చదరపు అడుగులు. 150 ఇంటూ 50 అయితే 7,500. 190 ఇంటూ 10 అయితే 1,900. కంచె ఖర్చు మూడిటికీ ఒకటే. అన్నదమ్ములు పంచుకుంటే మూడోది ఎవడు తీసుకుంటాడని అడగండి, నవ్వుతారు, ఇక కలపరు.

రెండో పొరపాటు ఇంకా మొండిది. కొలతలు రెట్టింపైతే వైశాల్యమూ రెట్టింపే అనుకోవడం. 30 ఇంటూ 40 అడుగుల ప్లాటు సుమారు 133 గజాలు. రెండువైపులా రెట్టింపు చేస్తే 60 ఇంటూ 80, అంటే సుమారు 533 గజాలు, నాలుగు రెట్లు. 266 అన్న పిల్లాడి చేత అసలు ప్లాట్లు ఎన్ని పడతాయో పెద్దదాంట్లో గీయించండి.

నిర్మాణాలు సిలబస్ నుంచి తీసేశారు కదా, ఇంకా వృత్తలేఖిని ఎందుకు?

ఎన్‌సీఈఆర్‌టీ 2022-23లో పాఠాలు తగ్గించినప్పుడు పదో తరగతి నిర్మాణాల అధ్యాయం పోయింది. నాకైతే అది నచ్చలేదు. పరీక్షకు లేకపోయినా నేర్పండి. పైన భు.భు.కో సంగతి చూశారుగా, చాపం రెండు చోట్ల కోసినప్పుడు చేతికి తెలిసినంతగా మాటలతో తెలియదు. ఒకటే షరతు: కోణాన్నో భుజాన్నో సగం చేసే గీత గీశాక "ఇది సరిగ్గా సగమేనని ఎలా చెప్పగలవు?" అని అడగాలి. అడక్కపోతే అది డ్రాయింగ్ క్లాసు అయిపోతుంది.

జియోజీబ్రా లాంటివి ఉపయోగమేనా?

చాలా. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన జామెట్రీ సాఫ్ట్‌వేర్ ఇది, బడిపిల్లలకు ఉచితం, ఫోన్లోనూ పనిచేస్తుంది. శీర్షాన్ని వేలితో పట్టి లాగితే త్రిభుజం మారుతుంది, మధ్యగత రేఖలు (శీర్షం నుంచి ఎదుటి భుజం మధ్యకు గీసేవి) మూడూ ఒకే బిందువు దగ్గర కలవడం మాత్రం మారదు. ఏది మారుతోంది, ఏది మారడం లేదు అని చూడటమే రెండో మెట్టు నుంచి మూడోదానికి దారి. కాకపోతే తెర మీద కనిపించేసరికి నిరూపణ అక్కర్లేదనుకుంటారు. కోణమానిని జబ్బే కొత్త వేషంలో వస్తుంది.

వీడియోల గురించి నాకు అంత గొప్ప అభిప్రాయం లేదు. చూస్తున్నంతసేపు అర్థమైనట్టే ఉంటుంది.

ఆడపిల్లలకు బొమ్మల లెక్కలు తక్కువగా వస్తాయంటారు, నిజమేనా?

నేను నమ్మను. ఈ మాట అనేవాళ్లు సంక్రాంతి నెలలో ఒకసారి వీధిలోకి వచ్చి చూస్తే బాగుంటుంది.

తొమ్మిది చుక్కలు, ఐదు వరకు, సందు చుక్క. ఈ మాట చెబితే చాలు, మా బడిలో ఏడో తరగతి అమ్మాయి కాగితం కూడా లేకుండా నేల మీద పెట్టేస్తుంది. వరుసగా 5, 6, 7, 8, 9, 8, 7, 6, 5, మొత్తం 61 చుక్కలు. బయటి గీత కలిపితే షడ్భుజి. ఆ అమ్మాయినే షడ్భుజి అంతరకోణం ఎంతని అడిగితే తెల్లమొహం వేసింది. చుక్కల మధ్యే మూడు మూడు కలిపి చిన్న త్రిభుజాలు గీయమన్నాను. మూల దగ్గర రెండు త్రిభుజాలు వచ్చి కూర్చున్నాయి. "అరవై, అరవై, నూట ఇరవై" అని తనే చెప్పింది. తర్వాత ఇంకో మాట అంది: "వరుసల మధ్య దూరం చుక్కల మధ్య దూరమంత పెడితే ముగ్గు సాగిపోతుంది సార్, కొంచెం తగ్గించాలి." ఎంత తగ్గించాలి? చుక్కల మధ్య 2 అంగుళాలైతే వరుసల మధ్య √3, అంటే సుమారు 1.73 అంగుళాలు. సమబాహు త్రిభుజం ఎత్తు. వాళ్లమ్మ కంటి అంచనాతో పెడుతున్నది అదే.

పదో తరగతి పరీక్షలకు మూడు నెలలే ఉంది. ఇప్పుడు మెట్లు, చుక్కలు అంటే ఎలా?

మొత్తం పుస్తకం మీద పడకండి. సరూప త్రిభుజాలు, వృత్త స్పర్శరేఖలు, ఈ రెండూ గట్టిగా పట్టుకోండి. రోజుకు ఒకే ఒక్క లెక్క. ముందు పటం పెద్దగా, పెన్సిల్‌తో, స్కేలుతో. ఇచ్చిన సమాచారమంతా పటం మీదే గుర్తులు పెట్టాలి: సమాన భుజాలకు చిన్న గీతలు, లంబకోణానికి డబ్బా. స్పర్శరేఖ కనిపిస్తే కేంద్రం నుంచి స్పర్శబిందువుకి వ్యాసార్థం గీసెయ్యడం అలవాటు చేయండి. అక్కడ 90 డిగ్రీలు దొరుకుతుంది, చాలా లెక్కలు అక్కడి నుంచే కదులుతాయి. తర్వాత రాసే ప్రతి వరుస పక్కన కారణం రాయించండి. కారణం రాయలేని వరుసను కొట్టేయమనండి. మొదటి వారం పేజీ నిండా కొట్టివేతలే ఉంటాయి, పర్వాలేదు.

బిందువుకు పొడవు, వెడల్పు లేవంటారు. మరి బోర్డు మీద కనిపిస్తోందేం సార్?

ఆరో తరగతి పిల్ల అడిగింది. యూక్లిడ్ క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో రాసిన గ్రంథంలో మొట్టమొదటి నిర్వచనం ఇదే: భాగాలు లేనిది బిందువు. బోర్డు మీద నేను పెట్టింది సుద్దపొడి, బిందువు ఎక్కడుందో చూపించే గుర్తు అని చెప్పాను. "అయితే అసలు బిందువు కనపడదా?" అంది. కనపడదన్నాను. కాసేపు ఆలోచించి, "మరి రెండు కనపడని వాటి మధ్య స్కేలు ఎలా పెడుతున్నారు?" అంది. బెల్లు కొట్టారు. మర్నాడు చెబుతానని వచ్చేశాను.